ఆరు మీద పెట్టిన పైసలు

మా చిన్నాయన కొడుకు ఒక జాతరలో తొమ్మిది వేల రూపాయలు పోగొట్టుకొని వచ్చాడు. వానకాలం రాకముందే ఇంటి మీద రేకులు మార్చాలని దాచిన పైసలవి. రాత్రి ఎనిమిదింటికి ఆటలో కూర్చున్నాడట, పదకొండింటికి జేబు ఖాళీ. మరునాడు పొద్దున్నే గోదావరిఖనిలో మా ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. తిడతాననుకున్నాడేమో, నేను నోరు తెరవకముందే తనే అందుకున్నాడు.

"దాదా, వాళ్లు మోసం చెయ్యలే. పాచికలు నేను చేతుల పట్టుకొని చూసిన. మంచి పాచికలే. నా నసీబే బాగలేదు."

ఆట ఎట్లా ఆడతారో చెప్పమన్నాను. నేల మీద ఒక గుడ్డ పరుస్తారు. దాని మీద ఆరు గళ్లు, ఒక్కో గడిలో ఒకటి నుంచి ఆరు దాకా చుక్కలు. ఆడేవాడు నచ్చిన గడిలో డబ్బు పెడతాడు. నడిపేవాడు మూడు పాచికలు డబ్బాలో వేసి గిలకరించి బోర్లిస్తాడు. మనం పెట్టిన అంకె ఒక పాచిక మీద పడితే పెట్టినంత లాభం, రెండింటి మీద పడితే రెండింతలు, మూడింటి మీదా పడితే మూడింతలు. ఒక్కదాని మీదా పడకపోతే గడిలో ఉన్నది వాడిది. గోదావరి జిల్లాల్లో గుండాట అనేది కూడా ఇలాంటిదే.

మా తమ్ముడు రాత్రంతా ఆరు మీదనే పెట్టాడు. ఆరే ఎందుకురా అంటే, "మనది ఆరు దేవతల సగ గదా" అన్నాడు. గోండులు కాని పాఠకుల కోసం ఒక మాట. మాలో నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవతలవారని నాలుగు సగలు ఉంటాయి. ఒకే సగలో పిల్లనివ్వరు, తెచ్చుకోరు. మాకు అంకె అంటే ఉత్త లెక్క కాదు, ఎవరు అన్నదమ్ములో, ఎవరు వియ్యాలవారో చెప్పే గుర్తు. అట్లాంటి అంకెను పాచిక మీద పెట్టి పోగొట్టుకున్నాడని నాకు ఇంకొంచెం కష్టమనిపించింది.

తరువాత వాడు చెప్పిన లెక్క ఇది. "మూడు పాచికలు, ఆరు గళ్లు. అంటే సగం సార్లు నాది, సగం సార్లు వానిది. పైకెళ్లి రెండు పడితే డబుల్, మూడు పడితే ట్రిపుల్. అంటే నాకే లాభం రావాలె గదా? ఎందుకు పోయింది మరి?"

పిల్లలకు లెక్కలు చెప్పి బతికేవాణ్ని నేను. ఈ లెక్కలో ఎక్కడో తప్పుందని తెలుసు, ఎక్కడుందో వెంటనే చూపించలేకపోయాను. జూదం ఆడొద్దురా అన్నాను. ఆ మాట వాడికి చిన్నాయన చెప్పాడు, మరదలు చెప్పింది, ఊళ్లో పటేల్ చెప్పాడు. వాడికీ తెలుసు. వాడు అడిగింది అది కాదు.

అదే వారంలో ఎనిమిదో తరగతికి ఘనాల పాఠం మొదలుపెట్టాను. బోర్డు మీద 5 రాసి, నెత్తిన చిన్న 3 పెట్టి, ఎంత అని అడిగితే తరగతిలో సగం మంది 15 అన్నారు. ప్రతి ఏడూ అంతే. నాకు కోపం రాదు, ఎందుకంటే చిన్నప్పుడు నేనూ మూడు ఘనం తొమ్మిది అని రాసినవాణ్నే. అప్పటి మా సారు బెత్తంతో చేతి మీద ఒకటిచ్చి, 27 అని వంద సార్లు రాయించాడు. వంద సార్లూ రాశాను. 27 ఎందుకో మాత్రం తెలియలేదు.

మా బడికి వచ్చే పిల్లల్లో చాలామంది తండ్రులు బొగ్గుబాయి మీద, ఓపెన్‌కాస్టుల్లో మట్టి తీసే కాంట్రాక్టు పనుల మీద బతికేవాళ్లు. ఒక అమ్మాయి లేచి, "సార్, మా బాపు పనికాడ క్యూబిక్ మీటర్ అంటరు, అది ఇదేనా?" అంది. అదే. బొగ్గును టన్నుల్లో లెక్కగడతారు, దాని మీద నుంచి ఎత్తిపోసే మట్టినీ రాయినీ ఘనపు మీటర్లలో లెక్కగడతారు. గోదావరిఖని చుట్టూ ఎక్కడ నిలబడినా కనిపించే ఆ మట్టిగుట్టలన్నీ అట్లా కొలిచి పోసినవే. ఒక మీటరు పొడవు, ఒక మీటరు వెడల్పు, ఒక మీటరు ఎత్తు ఉన్న దిమ్మ అనుకోండి. దాన్ని అన్ని వైపులా పది సెంటీమీటర్ల ముక్కలుగా కోస్తే ఎన్ని వస్తాయన్నాను. ముప్పై అన్నారు మొదట. గాలిలో చేతులతో కోసి చూసుకున్నాక వెయ్యి అన్నారు.

ఇంకో లెక్క కూడా వేశాం. 2023-24లో సింగరేణి తీసిన బొగ్గు సుమారు 7 కోట్ల టన్నులు. ఘనపు మీటరు బొగ్గు సుమారు 1.4 టన్నులు తూగుతుందనుకుంటే, 5 కోట్ల ఘనపు మీటర్లు. ఆ మొత్తాన్ని ఒకే సమఘనంగా పేర్చితే ఒక్కో భుజం ఎంత? 300 ఘనం 2 కోట్ల 70 లక్షలు, చాలదు. 400 ఘనం 6 కోట్ల 40 లక్షలు, ఎక్కువ. వెతుక్కుంటూ పోయి 368 దగ్గర ఆగారు: 4,98,36,032. ఏడాది పొడుగునా, ఆరు జిల్లాల్లో, అన్ని బాయిల్లో తీసిన బొగ్గు 368 మీటర్ల దిమ్మలో పట్టేస్తుందంటే పిల్లలు నమ్మలేదు. "గింతేనా సార్?" అన్నారు. ఘనంతో వచ్చే తమాషా అదే. భుజం కొంచెం పెరిగితే లోపల చాలా పెరుగుతుంది.

ఆ మాట అంటున్నప్పుడే మా తమ్ముడి పాచికలు గుర్తుకొచ్చాయి. మూడు పాచికలు, ఒక్కోదానికి ఆరు ముఖాలు. ఆరు, ఆరు, ఆరు. అదీ ఒక ఘనమే.

కానీ నేరుగా పాచికల్లోకి దిగలేదు. ముందు చింతగింజలు తెప్పించాను. గింజను సగానికి అరగదీస్తే ఒక వైపు తెలుపు, ఒక వైపు నలుపు. అష్టాచెమ్మా ఆడేటప్పుడు గవ్వలు లేకపోతే వేసుకునేవి అవే, మా పిల్లలకు కొత్త కాదు. ఒక గింజ వేస్తే తెలుపు పడడానికి సగం అవకాశం అనుకుందాం. మరి రెండు గింజలు వేస్తే సగమూ సగమూ కలిసి తెలుపు తప్పకుండా పడాలి కదా అన్నాను. తరగతి మొత్తం నవ్వింది. రెండూ నల్లగా పడడం ప్రతివాడూ చూసినదే. మా తమ్ముడి లెక్క అచ్చం ఇదే. ఒక పాచికకు ఆరో వంతు, మూడింటికి మూడు ఆరో వంతులు, అంటే సగం అనుకున్నాడు. అట్లాగైతే ఆరు పాచికలు వేస్తే ఆరు తప్పకుండా పడాలి, ఏడు వేస్తే తప్పకుండా కంటే ఎక్కువ పడాలి!

మూడు గింజలు వేస్తే ఎన్ని రకాలుగా పడతాయో పిల్లలే బోర్డు మీద రాశారు. ఎనిమిది. రెండు ఘనం. మూడూ నలుపు ఒక రకం, ఒకటి తెలుపు మూడు రకాలు, రెండు తెలుపు మూడు రకాలు, మూడూ తెలుపు ఒక రకం.

ఇక్కడ తానికాయ సంగతి చెప్పాలి. కరక్కాయ, ఉసిరికాయలతో కలిపి త్రిఫల చూర్ణంలో వేసే తానికాయ మా పెద్దలు అడవిలో ఏరి అమ్మినదే. ఈ దేశంలో మొదటి పాచికలు ఆ కాయలే కావచ్చు. ఋగ్వేదం పదో మండలంలో ఒక జూదరి తన గోడు చెప్పుకునే సూక్తం ఉంది, అతని కొంప ముంచినవి తానికాయలే. భారతంలో నలుడు జూదంలో రాజ్యం పోగొట్టుకొని, బాహుకుడనే పేరుతో ఋతుపర్ణుడి దగ్గర రథం తోలుతుంటాడు. దారిలో ఒక తాని చెట్టు కనబడితే, దానికున్న ఆకులూ కాయలూ ఎన్నో ఋతుపర్ణుడు చూసీ చూడగానే చెబుతాడు. నలుడు నమ్మక చెట్టును పడగొట్టి లెక్కపెడతాడు, సరిగ్గా సరిపోతుంది. తనకు తెలిసిన గుర్రాల విద్య ఇచ్చి, ఆ లెక్కల విద్యను అక్షహృదయం అనే పేరుతో అతని దగ్గర నేర్చుకుంటాడు. పాచికల గుట్టు లెక్కలో ఉందని చెప్పిన కథ అది, చెప్పింది మన అడవి చెట్టు కింద. తరువాత నలుడు మళ్లీ జూదమాడి రాజ్యం గెలుచుకున్నాడన్న ముక్క నేను తరగతిలో చెప్పలేదు. కథ తెలిసిన పిల్లవాడొకడు చెప్పేశాడు.

పాచికలకు వచ్చేసరికి 216 రకాలు. బోర్డు మీద రాస్తూ పోతే చాక్‌పీసులు అయిపోతాయి. అందుకని మట్టితో కట్టాం. పిల్లలు రేగడి తెచ్చారు. రెండు సెంటీమీటర్ల మందాన పలకలా పరిచి, సన్న తీగతో నిలువుగా ఆరు, అడ్డంగా ఆరు కోస్తే ఒక పలకకు 36 ముక్కలు. అట్లాంటి పలకలు ఆరు. ఆరు ఘనం పద్దెనిమిది ఎందుకు కాదో నేను చెప్పనవసరం లేకపోయింది, చేతులకు మట్టి అంటినవాళ్లందరికీ తెలిసిపోయింది. ఎండలో ఆరాక ముక్కలు కొన్ని వంకరపోయాయి, కొన్ని పగిలాయి. మళ్లీ చేశాం.

ఇప్పుడు ఒక్కో ముక్కా మూడు పాచికలు పడే ఒక్కో తీరు అనుకోవాలి. మొదటి పాచిక పొడవు చెబుతుంది, రెండోది వెడల్పు, మూడోది ఎత్తు. 2, 4, 6 పడ్డాయంటే పొడవులో రెండో వరుస, వెడల్పులో నాలుగో వరుస, ఎత్తులో ఆరో పలక. అక్కడున్న ముక్క. ఏ పాచిక మీద ఏ అంకె పడినా దిమ్మలో దానికొక చోటుంది, రెండు రకాలకు ఒకే చోటు లేదు.

మా తమ్ముడిలాగా ఆరు మీద పెట్టామనుకుందాం. ఒక్క ఆరు కూడా లేని ముక్కలు ఎక్కడుంటాయి? పొడవులో ఐదు వరుసల లోపల, వెడల్పులో ఐదు, ఎత్తులో ఐదు. అంటే పెద్ద దిమ్మలో ఒక మూలకు ఒదిగి కూర్చున్న ఐదు ఘనం. 125 ముక్కలు. అవన్నీ ఆట నడిపేవాడివి. మిగిలింది మూడు వైపుల అంటుకున్న తొక్క, 216లో 125 పోతే 91.

ఆ తొక్కకు రంగులు వేశాం. ఒకే ఆరు ఉన్న ముక్కలు మూడు ముఖాల మీద ఐదైదుల ఇరవై ఐదు చొప్పున ఉంటాయి, మొత్తం 75. వాటికి సున్నం పూశాం. రెండు ఆర్లు ఉన్నవి ఆ ముఖాలు కలిసే మూడు అంచుల మీద ఐదేసి, మొత్తం 15. వాటికి జాజు. మూడూ ఆర్లే ఉన్నది చిట్టచివరి మూలన ఒకే ఒక్క ముక్క. దానికి బొగ్గుపొడి. తొమ్మిదో తరగతిలో రెండు సంఖ్యల మొత్తానికి ఘనం అని పిల్లలు బట్టీ పట్టే సూత్రం ఇదే, a ఐదు, b ఒకటి. 125, 75, 15, 1. నేను ఆ సూత్రాన్ని ఎన్ని ఏళ్లుగా చెబుతున్నానో, దాన్ని చేతులతో ముట్టుకోవడం మాత్రం అదే మొదలు.

లూడో పాచికలు మూడు తెచ్చి 216 సార్లు వేయించాను కూడా. 88 సార్లు ఆరు కనబడింది. 91 రావాలి కదా, మూడు తక్కువొచ్చాయని ఒక పిల్లవాడు గొడవ. పాచికకు మన పుస్తకం తెలియదు, దగ్గరగా తిరుగుతుంది తప్ప సరిగ్గా అక్కడే నిలబడదని చెప్పాను. వాడికి తృప్తి కలగలేదు. ఇంకో 216 సార్లు వేస్తానని పాచికలు ఇంటికి పట్టుకుపోయాడు. ఇటలీలో గెలీలియో కూడా ఇదే 216ను కూర్చొని లెక్కపెట్టాడు. మూడు పాచికల మీది చుక్కలు కలిపితే 9 కంటే 10 కొంచెం ఎక్కువసార్లు ఎందుకు వస్తుందని జూదరుల సందేహం. 9 రావడానికి 25 దారులు, 10 రావడానికి 27. ఉపాధ్యాయ మిత్రులు మట్టి దిమ్మతో ఇదీ చేయించవచ్చు, ఒక పీరియడ్ సరిపోదు.

ఆదివారం తమ్ముణ్ని పిలిపించాను. దిమ్మను మా ఇంటికే మోయించి అరుగు మీద పెట్టాను. వాడు ఆరు దాకే చదివాడు, కానీ దిమ్మ అర్థం కావడానికి నా పిల్లలకు పట్టినంతసేపు పట్టలేదు. రోజంతా డంపర్ల దగ్గర మట్టి ఘనాలే చూసేవాడు. ముఖాలను వేలితో తడుముతూ గోండిలో లెక్కపెట్టుకున్నాడు: ఉండి, రండ్, మూండ్, నాలుంగ్, సయ్యుంగ్, సారుంగ్. పాచికకు సరిపోయే లెక్క.

"అయితే సగం కంటె తక్కువ," అన్నాడు. "91. వానివి 125. మరి డబుల్, ట్రిపుల్ ఇచ్చిండు గదా?"

అక్కడికే వస్తాడని నాకు తెలుసు. ఆ నాలుగు రోజులూ నేను కూర్చున్నది దాని మీదనే. 216 ఆటలకు పది రూపాయల చొప్పున పెట్టావనుకో అన్నాను. తెల్ల ముక్కల మీద 75 సార్లు పదేసి, 750. జాజు ముక్కల మీద 15 సార్లు ఇరవై చొప్పున, 300. నల్లముక్క మీద ఒకసారి 30. మొత్తం నీకు వచ్చింది 1,080. మట్టి ముక్కల మీద 125 సార్లు పదేసి పోయింది 1,250. తేడా 170. నువ్వు పెట్టిన ప్రతి వందకూ దాదాపు ఎనిమిది రూపాయలు వాడి సంచిలోకి. పాచికలు దొంగవి కానక్కరలేదు.

"నీ లెక్క సగం నిజమేరా" అని కూడా చెప్పాను. 216 ఆటల్లో మొత్తం ఆర్లు 108 పడతాయి, సరిగ్గా సగం. కానీ అవి ఆటకొకటి చొప్పున పడవు. పదిహేను ఆటల్లో రెండేసి, ఒక ఆటలో మూడు గుంపుగా పడతాయి. 108 ఆర్లు కలిసి 91 ఆటల్లోనే ఇరుక్కుంటాయి, మిగతా 125 ఆటలు ఖాళీ. రెండు పడితే వాడిచ్చే డబుల్ దానం కాదు, ఆ రెండో ఆరు వేరే ఆటలో పడి ఉంటే నీకు ఇవ్వాల్సిందే. ఆ ఇంకో ఆటలో నువ్వు పెట్టిన పది మాత్రం వాడు తీసేసుకున్నాడు.

వాడు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత నల్లముక్కను వేలితో పొడిచి, "ట్రిపుల్ ఒక్కసారన్నా పడుతదని కూసున్న దాదా. పదింటికే లేవాలనుకున్న. దీని కోసమే కూసున్న" అన్నాడు. నేనేమీ అనలేదు. మా ఆవిడ చాయ్ తెచ్చింది. రేకులకు ఎంతవుతుందో, ఎవరి దగ్గర ఎంత సర్దుబాటు చేసుకోవాలో ఆ తరువాత మాట్లాడుకున్నాం. మూడు వేలు నేనిచ్చాను. మిగతాది చిన్నాయన మేకల మీద వచ్చింది.

ఇప్పుడు జాతర దాకా పోనక్కరలేదు. పైసలు పెట్టి ఆడే పాచికలాటలు ఫోన్లలోకి వచ్చాయి. తెలంగాణలో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను 2017లోనే చట్టం చేసి నిషేధించారు, అయినా దొడ్డిదారులు ఉంటూనే ఉన్నాయి. జాతరలో కనీసం పాచికను చేతిలో పట్టుకొని చూడవచ్చు. ఫోన్లో డబ్బా కనబడదు, పాచికా కనబడదు, అది నిజంగా ఆరు ముఖాలదేనా అని అడిగే దారి లేదు. మా కాలనీల్లో పదో తరగతి తప్పిన పిల్లలు అర్ధరాత్రి దాకా దేనిమీద వేళ్లు ఆడిస్తున్నారో తల్లిదండ్రులకు తెలియడం లేదు. దాని గురించి వేరే రాయాలి.

సోమవారం దిమ్మను మళ్లీ బడికి తెచ్చాం. వరండాలో ఒక మూల పెడితే, బెల్లు కొట్టినప్పుడల్లా చిన్న తరగతుల పిల్లలు వచ్చి నల్లముక్కను పీకి మళ్లీ పెట్టేవాళ్లు. క్యూబిక్ మీటర్ సంగతి అడిగిన అమ్మాయి నోటుబుక్కుతో వచ్చింది.

"సార్, నాలుగు పాచికలైతే?"

ఆరును నాలుగుసార్లు హెచ్చిస్తే 1,296. ఆరు లేనివి ఐదును నాలుగుసార్లు హెచ్చిస్తే 625. దీన్ని మట్టితో కట్టలేం, నాలుగో వైపు మనకు లేదు అన్నాను. కట్టకపోయినా తీసివేత చేయొచ్చు కదా అని అక్కడే నిలబడి చేసింది. 671. ఆరు పడేవి ఎక్కువ, పడనివి తక్కువ. ఫ్రాన్స్‌లో మూడు వందల యాభై ఏళ్ల కింద జూదరులు ఒక పాచికను నాలుగుసార్లు వేసి, ఒక్క ఆరైనా పడుతుందని పందెం కాసేవారని, అట్లాంటి పందేల నుంచే పాస్కల్, ఫెర్మా అనే ఇద్దరు 1654లో ఉత్తరాలు రాసుకొని ఈ శాస్త్రం మొదలుపెట్టారని చెప్పాను. ఆ అమ్మాయి వినడం లేదు. 625 కింద ఒక గీత, 671 కింద ఒక గీత గీసుకుంటోంది.

"అయితే సార్, ఆ గుడ్డ పరిచెటాయనకు ఈ లెక్క ముందే తెలుసా? అందుకే మూడే పెట్టుకున్నడా?"